లైటు వెలిగితే సెన్సారే పోయిందా?

డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్ పేరుతో కోడ్ వస్తుంది. ‘సెన్సార్ పోయింది, మార్చేద్దాం’ అని వెంటనే తేల్చేస్తారు. డీజిల్ బండ్ల విషయంలో ఇది బాగా పాతుకుపోయిన అపోహ. ఆ కోడ్ వివరణలో ‘సర్క్యూట్’ అనే మాట కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బండి కంప్యూటర్‌కు సెన్సార్ కనబడదు, దాని వైరు చివర వోల్టేజ్ మాత్రమే కనబడుతుంది. ఆ వోల్టేజ్ తేడాగా ఉంటే లోపం సెన్సార్‌లో ఉండొచ్చు, కనెక్టర్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు. లైటు ఒకరోజు వెలిగి రెండు రోజులు ఆరిపోతుంటే మాత్రం ముందుగా అనుమానించాల్సింది వైరునూ కనెక్టర్‌నూ.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండి సైలెన్సర్ చిన్నపాటి రసాయన కర్మాగారమైంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే దాదాపు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. యూరియా ద్రావణం చల్లే బండ్లలో పొగ వేడి సుమారు 200 డిగ్రీలు దాటాకే చల్లడం మొదలవుతుంది. ఇవన్నీ నడిపేది ఉష్ణోగ్రత సెన్సార్లు చెప్పే లెక్కే. ఆ లెక్క మీద నమ్మకం పోతే కంప్యూటర్ మసి కాల్చడం ఆపేస్తుంది, చాలా బండ్లలో పికప్ కూడా తగ్గిస్తుంది. అందుకే డ్రైవరు కంగారు పడటం సహజం.

ఇక రెండో అపోహ. పీ0546 లాంటి కోడ్‌లో ‘హై’ అని చూడగానే సైలెన్సర్ విపరీతంగా వేడెక్కిందని భయపడతారు, ఇంజిన్ దగ్గర వెతుకుతారు. అక్కడ హై అయింది వోల్టేజ్. చాలా డిజైన్లలో కంప్యూటర్ ఆ వైరుకు 5 వోల్టులు అందిస్తుంది. వైరు తెగినా పిన్ను వదులైనా ఆ 5 వోల్టులూ దిగకుండా అలాగే నిలబడతాయి. దాన్నే హై అంటారు. బండి చల్లగా నిలబడి ఉన్నా ఈ కోడ్ రావచ్చు.

ముందు వైరునూ కనెక్టర్‌నూ అనుమానించమనడానికి అసలు ఆధారం లెక్కలో ఉంది. బాగా వాడుకలో ఉన్న ప్లాటినం సెన్సార్ సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు, మన 30 డిగ్రీల వాతావరణంలో సుమారు 223, 600 డిగ్రీల దగ్గర సుమారు 627 ఓమ్‌లు చూపిస్తుంది. అంటే డిగ్రీకి దాదాపు ముప్పావు ఓమ్ మాత్రమే. కనెక్టర్ పిన్నుకు కిలుము పట్టి నూరు ఓమ్‌లు అదనంగా చేరితే కంప్యూటర్‌కు 130 డిగ్రీలకు పైగా లేని వేడి కనబడుతుంది. ఉప్పలగుప్తం లాంటి తీర మండలంలో కిలుముకు కొదవేముంది? ఎస్.యానం తీరం వైపు నుంచి వీచే ఉప్పు గాలి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుడు, సరుకు పెట్టెల నుంచి కారే ఉప్పునీరు, వర్షాకాలపు బురద అన్నీ బండి అడుగుభాగానికే చేరతాయి. లోపల మెరిసే పిన్ను పచ్చబడటానికి రబ్బరు సీలు ఒక్కటి చిట్లితే చాలు. పైగా వేడి లోహానికి ఒక నియమం ఉంది: సెన్సార్ మొన క్షణంలో మూడొందల డిగ్రీలు ఎక్కి మరుక్షణం దిగలేదు. స్కానర్‌లో లైవ్ రీడింగ్ పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కనెక్టర్‌నూ వైరునూ మెల్లగా కదిపి చూడాలి. అంకె ఎగిరిపడితే అది వేడి కాదు, లూజ్ కాంటాక్ట్.

దీనికి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది: ‘సెన్సార్ మార్చాకే కదా బాగైంది?’ నిజమే, చాలాసార్లు బాగవుతుంది. కానీ కొత్తది బిగించడానికి పాత కనెక్టర్ ఊడదీసి మళ్లీ నొక్కుతారు. ఆ రాపిడికి పిన్నుల మీది కిలుము కొంత చెరిగి పట్టు కుదురుతుంది. బాగుచేసింది కొత్త సెన్సారా, ఆ రాపిడా? తేల్చుకోవడం కష్టం కాదు. ముందు కనెక్టర్ శుభ్రం చేసి, పిన్నుల బిగువు చూసి, పాత సెన్సార్‌నే తగిలించి నాలుగు రోజులు తిప్పాలి. కోడ్ మళ్లీ రాకపోతే కొత్తది కొనే పనే లేదు.

మల్టీమీటర్‌తో షెడ్డులో కొలిచి ‘బాగానే ఉంది’ అనడమూ సగం నిజమే. చల్లని, కదలని బండిలో వచ్చిపోయే లోపం దాక్కుంటుంది. లైటు దానంతట అదే ఆరితే లోపం పోయినట్టూ కాదు. సాధారణంగా వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే లైటు ఆరుతుంది, కోడ్ మాత్రం జ్ఞాపకంలో మిగులుతుంది. ఇక బ్యాటరీ తీసేయడం, కోడ్ తుడిచేయడం అన్నిటికన్నా చేటు. తప్పు జరిగిన క్షణంలో వేగం, వేడి, లోడు ఎంతో కంప్యూటర్ నమోదు చేసుకున్న వివరాలు పరిశీలించకుండానే పోతాయి.

సెన్సార్ అసలు పోదని కాదు. అదిరీ అదిరీ మొన లోపలి తీగ చిట్లుతుంది. అలాంటప్పుడు లక్షణం వేరుగా ఉంటుంది: రోడ్డు గతుకులతో సంబంధం లేకుండా, ఫలానా వేడి దాటిన ప్రతిసారీ తప్పు వస్తుంది, చల్లారాక పోతుంది. తీగ వేడికి సాగి విడిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. రాత్రంతా నిలిపిన బండిని తెల్లవారాక చూసినా తెలుస్తుంది. సైలెన్సర్‌లోని ఉష్ణోగ్రత సెన్సార్లన్నీ అప్పుడు దాదాపు ఒకే అంకె చూపాలి. ఒక్కటే పక్కకు పోతే అనుమానం దాని మీదికి, దాని వైరు మీదికి పోవాలి.

సెన్సార్ బదులు ఒక రెసిస్టర్ అతికించే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. మసి కాలుతున్నప్పుడూ కదలని అంకెను కంప్యూటర్ పసిగట్టగలదు. పసిగట్టకపోతే ఇంకా ప్రమాదం, డీపీఎఫ్ లోపల వేడి హద్దు దాటినా ఆపే దిక్కు ఉండదు, ఫిల్టర్ పగలొచ్చు. నిజంగా మార్చాల్సి వస్తే నట్టుతో పాటు కేబుల్ మెలిపడకుండా చూసి, వేడి గొట్టానికి తగలకుండా పాత క్లిప్పుల్లోనే వైరు నడిపించాలి. క్లిప్పు వదిలేస్తే ఇన్సులేషన్ కరిగి, కొన్నాళ్లకు కొత్త సెన్సార్ మీద కూడా అదే కోడ్ వస్తుంది.