అగ్నివీర్ అయితే రోజూ ఇంటికి వచ్చి పోవచ్చా?

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. పోయిన వారం మా బ్రహ్మంగారిమఠం బస్టాండులో టీ తాగుతా ఉంటే మా వీధి పిల్లోడు ఒకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంటర్ అయిపోయింది, పొద్దున్నే రన్నింగ్ చేస్తున్నాడు.

"అన్నా, అగ్నివీర్‌కు అప్లై చేస్తాండా. సెలెక్ట్ అయితే సికింద్రాబాద్ పోస్టింగ్ అడిగి, అమ్మను ఆడికే తీసుకపోయి, ఒక రూము తీసుకుంటా. రోజూ డ్యూటీకి పోయి రావొచ్చు గదా?"

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. వాళ్ళ నాయన లేడు. ఇంట్లో వాళ్ళమ్మ, రెండు బర్రెలు, వీడు. పొద్దున పాలు కేంద్రానికి పోసేది వీడే. వాడికి అది తెలియక అడిగిన ప్రశ్న కాదు, ఇల్లు ఎట్లా నడుస్తుంది అనే ప్రశ్న. నేను బెంగళూరులో కోడ్ రాసిన రోజుల్లో ఉద్యోగం అంటే లాగిన్, లాగౌట్. వీడు కూడా ఆర్మీని అట్లే అనుకుంటున్నాడు.

నేరుగా చెప్తా. అగ్నివీర్‌కు అది కుదరదు. ట్రైనింగ్ మన పక్కనే, హైదరాబాద్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో పడినా సరే, గేటు బయట రూము అనే మాటే లేదు. బ్యారక్‌లో మంచం, దాని కింద ట్రంకు పెట్టె, లంగర్‌లో భోజనం. పొద్దున పీటీ, సాయంత్రం ఆటలు, రాత్రికి రోల్ కాల్. ట్రైనింగ్ తర్వాత యూనిట్ ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. పెండ్లయిన రెగ్యులర్ జవాన్లకు శాంతిగా ఉండే స్టేషన్లలో ఫ్యామిలీ క్వార్టర్స్ దొరుకుతాయి, అవి కూడా వంతు వస్తేనే. అగ్నివీర్‌గా చేరాలంటే అసలు పెండ్లే అయి ఉండకూడదు. అమ్మను తీసుకపోయి పెట్టుకునే ఏర్పాటు అందులో లేదు.

ఎందుకు ఇంత పట్టు అంటే, సెంట్రీ డ్యూటీ రాత్రి రెండు గంటలకు ఉంటుంది. అర్ధరాత్రి విజిల్ వేస్తే నిమిషాల్లో ఫాలిన్ కావాలి. బస్సు లేటయింది సార్ అంటే కుదరదు కదా. ఇంకొకటి, నీ పక్క మంచం వాడు గురక పెడతాడా, జ్వరమొస్తే చెప్పకుండా దాచుకుంటాడా, కోపం ఎప్పుడొస్తుంది, ఇవన్నీ తెలిసినవాడితో బోర్డర్‌లో నిలబడేది వేరు. అది ఆన్‌లైన్ మీటింగుల్లో వచ్చేది కాదు. నాలుగేండ్లు ఒకే టీమ్‌లో పనిచేసి, పక్క సీటు వాడి సొంతూరు ఏదో తెలియకుండా రిజైన్ చేసినోణ్ణి నేను. నాకు ఆ తేడా తెలుసు.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్కీమ్ 2022లో వచ్చింది, సర్వీస్ 4 ఏండ్లు. మొదటి ఏడు నెలకు 30,000, అందులో 9,000 సేవానిధికి పోతుంది, చేతికి 21,000. నాలుగో ఏడు 40,000, చేతికి 28,000. తిండి, పడక ఖర్చు లేదు కాబట్టి అందులో చాలావరకు ఇంటికి పంపొచ్చు. బెంగళూరు పీజీలో ఉండేవాడికి ఆ సౌకర్యం లేదు. చివర్లో సుమారు 10.04 లక్షలు, దాని మీద వడ్డీ. నూటికి 25 మంది వరకు మాత్రమే రెగ్యులర్ అవుతారు. సెలవు ఏడాదికి 30 రోజులు. పోస్టింగ్ జమ్మూలో పడితే రైల్లో రావడానికే రెండు రోజులు, పోవడానికి రెండు రోజులు. ఆ 30 రోజులే వాళ్ళమ్మకు మిగిలే కొడుకు.

మరి ఇంటి నుంచే సైన్యానికి పోయి వచ్చేవాళ్ళు లోకంలో లేరా అంటే, ఉన్నారు. మన తెలుగోళ్ళ పిల్లలే ఉన్నారు, సింగపూర్‌లో. అక్కడ 1967 నుంచి మగపిల్లలకు నేషనల్ సర్వీస్ తప్పనిసరి, 2 ఏండ్లు. ఐటీ ఉద్యోగానికి పోయి పీఆర్ తీసుకున్న తండ్రికి మినహాయింపు ఉంటుంది. ఆయన ద్వారా పీఆర్ వచ్చిన కొడుక్కు మాత్రం ఉండదు. పదహారున్నర ఏండ్లకు రిజిస్ట్రేషన్, పద్దెనిమిది దాటినాక పిలుపు.

మొదట టెకాంగ్ అనే దీవిలో బేసిక్ ట్రైనింగ్. అక్కడ అందరూ లోపలే ఉండాలి, వారాంతంలో ఇంటికి వదులుతారు. తర్వాత ఇచ్చే పనిని బట్టి రెండు దారులు. పోరాడే యూనిట్ అయితే 'స్టే ఇన్', అంటే క్యాంపులోనే పడక. ఆఫీసు, స్టోరు, ఇట్లాంటి పనులైతే చాలాసార్లు 'స్టే ఔట్', సాయంత్రం ఇంటికి. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 50 కిలోమీటర్లే. మా మఠం నుంచి కడపకు దాదాపు అంత దూరం. అందుకే అక్కడ అది కుదురుతుంది.

పైకి స్టే ఔట్ లాటరీ మాదిరి కనిపిస్తుంది. ఇల్లు ఒక మూల, క్యాంపు ఇంకో మూల అయితే తెల్లారకముందే లేచి రైలు, బస్సు పట్టుకోవాలి. యూనిఫామ్ ఇస్త్రీ అమ్మ మీద పడుతుంది. రాత్రి బంకుల మీద చెప్పుకునే కబుర్లలో నువ్వుండవు, పొద్దున వాళ్ళు నవ్వుతుంటే ఎందుకో అర్థం కాదు. నేను బీటెక్ మొదటి ఏడు మఠం నుంచి ప్రొద్దుటూరుకు మైదుకూరు మీదుగా బస్సులో పోయి వచ్చినా. రోజూ ఇంటి సంగటి తిన్నా, క్లాసులో నిద్రపోయినా. రెండో ఏడు హాస్టల్‌కు మారినా. మార్కులు పెరిగినాయి, స్నేహితులు దొరికినారు. అదే ఏడు నాయనను ఆస్పత్రిలో చేర్చిన సంగతి నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. "పరీక్షలున్నాయి కదా, అందుకే చెప్పలేదు" అన్నది అమ్మ. ఆయన బాగైనాడు. కానీ ఆ రెండు రోజులు నేను మెస్‌లో నవ్వుకుంటా ఉన్నా అనేది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మన దేశంలో ఇంటికి కొంచెం దగ్గరగా ఉండే దారి ఒకటుంది, టెరిటోరియల్ ఆర్మీ. 1949లో మొదలైంది. సొంత పని చేసుకుంటూనే ఏడాదిలో సుమారు రెండు నెలలు ట్రైనింగ్‌కు పోయే పద్ధతి. ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఉన్నది ఇందులోనే. 2019లో కశ్మీర్‌లో రెండు వారాలు యూనిట్‌తోనే ఉన్నాడు, అంత పెద్ద ఆయన కూడా జవాన్లతోనే. వయసు 18 నుంచి 42 వరకు. అయితే పిలుపొచ్చి డ్యూటీలో పెడితే నెలలు, ఏండ్లు యూనిట్‌లోనే. దీన్ని ఇంటి దగ్గరి పర్మినెంట్ ఉద్యోగం అనుకుని పోవద్దు.

ఇదంతా వాడికి చెప్పినా. కాసేపు మాట్లాడలేదు. నేను ఒకటే అడిగినా: "నువ్వు లేనప్పుడు పాలు ఎవరు పోస్తారు, అమ్మకు రాత్రి బాగలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి అప్లై చేసేముందే మాట్లాడుకున్నారా?" అమ్మకు ఇంకా చెప్పనే లేదంట, రూము ప్లాన్ దొరికినాక చెబుదామని ఆగినాడు.

నిన్న కనిపించినాడు. చెప్పినాడంట. ఒక బర్రెను అమ్మేద్దాం, ఇంకొకదాని పాలు పిన్ని కొడుకు పోస్తాడు అన్నదంట వాళ్ళమ్మ. మాట తేలిగ్గానే అన్నది గానీ ఆ రాత్రి అన్నం తినలేదన్నా అన్నాడు. రన్నింగ్ మాత్రం ఆపలేదు. పూర్తి మార్కులు పడాలంటే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు రావాలి, ఇంకా పది సెకన్లు తగ్గాలంట.