ఆటిజం ఉన్న బిడ్డకు 18 నిండాక.. చదువు, ఉద్యోగం ఎలా?

మరిపెడలో ఆటిజం మాట వస్తే చిన్నపిల్లల గురించే చెప్పుకుంటారు. మాటలు రావట్లేదు, నజర్ తగిలిందేమో, అన్నారం షరీఫ్ తీసుకెళ్లండి అంటారు. దువా చేయించడం తప్పేం కాదు. కానీ ఆ అబ్బాయికి మీసాలొచ్చి, బడి మానేశాక ఏంటన్నది ఎవరూ అడగరు. మా తర్వాత వీడినెవరు చూస్తారని అమ్మీ, అబ్బాలకు నిద్ర పట్టనిది అప్పుడే.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం దాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్ల కోటా, వయసులో ఐదేళ్ల సడలింపు వర్తిస్తాయి. సర్కారు కొలువుల్లో వికలాంగులకు 4 శాతం ఇస్తే, అందులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటన్నిటికీ కలిపి 1 శాతం. నూరు పోస్టులకు ఒకటి. పెద్ద వాటా కాదు, నిజమే. సర్టిఫికెట్ లేకపోతే అదీ లేదు. మాకు బీసీ-ఈ ఉంది కదా అని కొందరు ఊరుకుంటారు. అది వేరు, ఇది వేరు. రెండూ కలిపి వాడుకోవచ్చు.

సర్టిఫికెట్ కోసం యూడీఐడీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ముందుకెళ్లాలి. జనం ఇప్పటికీ సదరం అనే అంటారు. మరిపెడ 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది కాబట్టి పాత అలవాటుతో వరంగల్ పోనక్కర్లేదు. ఆడపిల్లయితే సంబంధాలు రావని కాగితమే తీయించని ఇళ్లున్నాయి. ఆ భయానికి ఆమె చదువే బలైపోతుంది.

బడి మధ్యలో ఆగినవాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పది, ఇంటర్ రాయొచ్చు. గరిష్ఠ వయసంటూ లేదు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. 18 నిండితే బిడ్డ మేజర్. ఆ తర్వాత బ్యాంకులో అతని బదులు అబ్బా సంతకం చెల్లదు. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని బిడ్డయితే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేసి గార్డియన్‌షిప్ తీసుకోవాలి. తన సంగతి తను చూసుకోగలిగితే అక్కర్లేదు. అదే ట్రస్ట్ నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చుకూ పనికొస్తుంది.

ఇక పని. సాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2013లోనే ఆటిజం ఉన్నవాళ్లను ప్రత్యేకంగా తీసుకునే కార్యక్రమం మొదలుపెట్టింది, బెంగళూరులో కూడా. మరిపెడలో సాప్ లేదు, కిరాణా ఉంది, జిరాక్స్ సెంటర్ ఉంది, టైలర్ షాపుంది. ఏ పని సరిపోతుందో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అడిగి తెలుసుకోవచ్చు. మన మామూ దుకాణంలోనే పెట్టినా కొన్ని మార్పులు కావాలి. రోజూ అదే పని, అదే వరుసలో ఉండాలి. చెప్పేది ఒక్కొక్కటిగా చెప్పాలి, వీలైతే రాసి గోడకు అంటించాలి. గిరాకీ గోల ఎక్కువున్న వేళ లోపల స్టాకు సర్దే పని ఇవ్వాలి. జీతం మాత్రం అతని ఖాతాలోనే వేయాలి.