మన ముంగిటి నేల

తెల్లవాఱగానే ఇల్లాలి చేయి మొదట సోకునది వాకిటి నేలనే. వాకిలి బాగున్నగాని యిల్లు బాగున్నట్లు తోచదు. ఐనను ఇల్లు కట్టించునప్పుడు గోడల రంగును గూర్చియు వంటయింటి అరలను గూర్చియు నెంతో యాలోచించు మనము, ముంగిట నేమి పరవవలయునను ప్రశ్న వచ్చుసరికి “సిమెంటు పోయింపుడు” అని యొక్కమాటతో ముగింతుము. మా యింటను అట్లే జరిగినది. ఆ మాట వలన మేము పడిన కష్టమును, దానివలన నేర్చుకొన్న పాఠమును సోదరీమణులకు దెలుపుట మంచిదని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా పెరడు 20 అడుగుల పొడవును, 15 అడుగుల వెడల్పును గల చిన్న స్థలము. మొదట అది మట్టినేల. వాన కురిసిన బురద, ఎండ కాసిన దుమ్ము. పిల్లల కాళ్లమట్టి యింటినిండ నుండెడిది. విసిగిపోయి, నేనే పట్టుపట్టి, ఈ గోడ మొదలుకొని ఆ గోడవఱకు ఎడములేకుండ నున్నని గచ్చు చేయించితిని. మొదటి యేడు హాయిగానే గడచినది. రెండవయేటి వానలకు పాచి పట్టినది. ఒకనాటి వేకువను తులసికోటకు నీరు పోయబోయి మా అత్తగారు కాలుజాఱి పడిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగిన పిదప చేతికఱ్ఱ పట్టుకొని నడచుటకు వారికి ఆఱు మాసములు పట్టినది. వారు నన్నొక్క మాటయు ననలేదు. “నా అడుగే తప్పినదమ్మా” అని మాత్రమనిరి. నిందించియున్న నింత బాధ కలిగెడిది కాదు.

అప్పటినుండి ఆ నేలను వేఱు కన్నులతో జూడసాగితిని. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. మా పెరడు ఇంచుమించు 28 చదరపు మీటర్లు. ఒక్క పెద్దవానకు 25 మిల్లీమీటర్లు కురిసినచో 700 లీటర్ల నీరు. అనగా 15 లీటర్ల బిందెలు నలువదియైదుకు పైమాట. ఆ నీరంతయు మా గచ్చుమీద జాఱి వీధికాలువలో బడుచుండెను. ఆ వేసవిని మా బావి అడుగంటినది. దానికి మా గచ్చొక్కటియే కారణమని చెప్పజాలను. కాని ఇరుగుపొరుగు లందఱమును మాకు మేము వాననీటిని వెడలగొట్టుచు, బావిలో నీరు లేదని వగచుటలో న్యాయమున్నదా?

ఇంతలో నేలక్రింది గొట్టము కాఱుట మొదలిడెను. గచ్చు పగులగొట్టి, గొట్టము బాగుచేసి, అతుకు వేయవలసివచ్చెను. అప్పుడు తాపీమేస్త్రీ యిట్లనెను: “ఏకముగా పోసినదానికి అతుకే గతి, అమ్మగారూ! ముక్కలుగా పరచినచో తీసి మరల పెట్టుకోవచ్చును.” ఆ మాట నా మనస్సున నాటుకొన్నది.

ముక్కలు చేర్చి నేలను గప్పుట మనకు క్రొత్త గాదు. బేతంచెర్ల, తాండూరు, కడప ప్రాంతముల నాపరాళ్లను మన పెద్దలు వసారాలలోను వాకిళ్లలోను పరపించుచునే యుండిరి. అయితే నాపరాయి తన బరువుచేతనే నిలుచును. ప్రక్క రాతితో దానికి సంబంధము లేదు. ఒకదాని నొకటి పట్టుకొను ముక్కల బలము లోకమునకు బాగుగా దెలిసివచ్చినది యుద్ధకాలమున. 1941లో అమెరికావారు బురదనేలపై విమానములు దింపుటకు చిల్లుల ఉక్కురేకులను ఉత్తర కెరొలైనాలోని మార్‌స్టన్ అనుచోట పరచి చూచిరి. ఒక్కొక్క రేకు 10 అడుగుల పొడవు, 15 అంగుళముల వెడల్పు, 66 పౌనుల బరువు. దానికి 87 చిల్లులు. ఒక రేకు కొక్కెములు ప్రక్కరేకు చీలికలలో దూరి బిగియును. మనుష్యులు చేతులతో మోసికొనిపోయి పరచిన యీ ఉక్కుచాపలపై పెద్ద విమానములు దిగినవి. పిదప యుద్ధమున ఇటుకలు కఱవైన హాలెండు దేశమున వీధులకు సిమెంటు కాంక్రీటు ముక్కలు వాడిరి. నేడు మన వీధులలో పేవరు బ్లాకులని పిలువబడునవి ఆ సంతతివే.

ఈ బ్లాకుల బలము ఒక్కొక్క ముక్కలో గంటె వాని కూటమిలో నున్నది. సందులలో దట్టించిన సన్నని యిసుక ఒరిపిడి వలన ఒక ముక్కపై బడిన బరువు ప్రక్క ముక్కలకును బంచబడును. కావున అంచు కట్టుదిట్టముగా నుండవలయును. అంచున సిమెంటు కట్టు లేనిచో కొలదినాళ్లకే చివరిముక్కలు జరుగును. వానివెంట తక్కినవియు వదులగును. పలువురు మోసపోవున దిచ్చటనే. చేపముల్లువలె ఏటవాలుగా పేర్చిన వరుస బండిచక్రము త్రిప్పుడునకు మిక్కిలి యోర్చుకొనును.

కొనునప్పుడు రంగుకంటె ముందు మందమును జూడవలయును. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2006లో ఈ బ్లాకులకు ఐ.ఎస్. 15658 అను ప్రమాణమును ప్రకటించిరి. దాని ననుసరించి నడచుచోట 50 మిల్లీమీటర్లకు దక్కువ గాకూడదు. కారు నిలుపుచోట 60 ఉండుట మేలు. పైభాగము గరుకుగా నుండవలయును. అద్దమువలె మెఱయునవి వలదు. పనిచేయించునప్పుడు ఇల్లాలు ప్రక్కన నిలిచి నాలుగు సంగతులు కనిపెట్టవలయును. మెత్తని మన్ను తీసి, మొరము పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా గొట్టిరా? దానిపై నొకటి రెండంగుళముల యిసుకను సమముగా బరచిరా? రసమట్టము పెట్టి, 8 అడుగులకు ఇంచుమించు 2 అంగుళముల వాటము ఇంటికి ఎదురుదెసకు నిచ్చిరా? తుదకు పొడి యిసుకను సందులలో నూడ్చి, యంత్రముతో నదిమిరా? ఈ నాలుగింటిలో నేది తప్పినను మఱుసటి వానకే నేల గుంటలు పడును.

ఇచ్చట నొక మాట దాచకుండ జెప్పవలయును. ఇరుకుసందుల బ్లాకులు పరచినంత మాత్రమున వాననీరంతయు ఇంకిపోదు. సందులు పూడుకొనినకొలది ఇంకుడు తగ్గును. నిజముగా నేల నీరు త్రాగవలయునన్నచో ఎడమైన సందులుగల బ్లాకులు దెచ్చి, ఇసుకకు మాఱుగా సందులలోను అడుగునను బేబీచిప్సు పోయించి, దానిక్రింద పొడి లేని కంకర పరపింపవలయును. లేదా నడుమ రంధ్రములు గల బ్లాకులను బరచి వానిలో గడ్డి పెంచవచ్చును. ఏ పద్ధతియైనను చెట్ల మొదళ్ల చుట్టును, ప్రహరీ వెంబడిని కొంత మట్టిని విడువుడు. గోడ పునాదుల చెంత మాత్రము నీరు నిలువనీయరాదు.

ఇంటిలోపలికి వచ్చినచో పంటికి గాడి తగిలించి చేర్చు మెత్తని చాపలు నేడు ప్రతి యంగటను గలవు. ప్రాకు పిల్లలకు దెబ్బ తగులకుండ నివి మేలే. కాని 2010లో బెల్జియం దేశమున ఇట్టి నురుగుచాపలలో ఫార్మమైడు అను ద్రవ్యమున్నదని వాని నమ్మకమును నిషేధించిరి. కావున ఘాటైన వాసన కొట్టు చాపను కొనరాదు. మంచిదైనను కొన్నిదినములు గాలికి విప్పియుంచి పిదప పరువుడు. పసిబిడ్డ కొఱికి తుంపిన ముక్కను వెంటనే తీసివేయుడు. స్నానపుగదిలో వాడు చిల్లుల రబ్బరు చాపలను వారమున కొకమాఱు విడదీసి, క్రింది జిగురును రుద్ది కడిగి, ఎండబెట్టవలయును. లేనిచో జాఱకుండుటకు వేసినదే జాఱుటకు కారణమగును.

బ్లాకుల నేలకు లోపములు లేకపోలేదు. సందులలో కలుపు మొలచును. చీమలు ఇసుకను పైకి దెచ్చును. ఏడాది కొకమాఱు సందులు నింపుకొనవలయును. నీడపట్టున పాచియు బట్టును. గట్టి చీపురుతో తోముట తప్పదు. ముగ్గుగీత సందుకడ తెగును. అందుచే మేము గడపయెదుట రెండు వరుసల గరుకు నాపరాళ్లు వేయించి ముగ్గునకు చోటు విడిచితిమి.

మా పెరటి గచ్చు తీయించి బ్లాకులు పరపించి మూడేండ్లయినది. నిరుడు గొట్టము మరల కాఱినప్పుడు పండ్రెండు ముక్కలు లేవనెత్తి, పని ముగించి, ఆ ముక్కలనే మధ్యాహ్నమునకు యథాస్థానమున బెట్టిరి. అతుకు కనబడదు. మా అత్తగారు వేకువను చేతికఱ్ఱతో తామే తులసికోట కడకు బోవుచున్నారు. మొన్న వాన వెలిసిన పిదప నేను భయపడి చేయి పట్టుకొనబోగా, “ఈ నేల పట్టు నిచ్చుచున్నదిలే తల్లీ!” అని చేయి విడిపించుకొనిరి.

సోదరీమణులారా! గచ్చు పోయించుటకు మేస్త్రీని బిలుచుటకు ముందు ఒక్క వానను మీ ముంగిట నిలిచి చూడుడు. నీరు ఎటుపోవుచున్నదో, ఇంటిలోని వృద్ధులు ఎచ్చట అడుగు తడబడుచున్నారో గమనింపుడు. ఆ పిదపనే యేమి పరవవలయునో నిర్ణయించుకొనుడు.