గోడ మీది బొమ్మ, సందుగలో భద్రం

మా తుర్కయాంజాల్ చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పోయిన ఎండాకాలం ఆమె ఒక పాత కాగితం తెచ్చింది. సందుగ అడుగున ఏండ్ల తరబడి దాచిన కాగితం అది. మడత విప్పుతుంటేనే అంచులు విరుగుతున్నాయి.

అది సినిమా పోస్టరు. ఆమె పెనిమిటి పోస్టర్లు అతికించే పని చేసేవాడు. సైకిలుకు బకెట్టు తగిలించుకుని ఊరూరు తిరిగేవాడు. ఆయన ఇప్పుడు లేడు. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. ఆయన గుర్తుగా మిగిలింది ఈ పోస్టరు ఒక్కటే.

"ఇన్ని దినాలు బొమ్మ చూసి సినిమా పేరు చెప్పిన. ఇయ్యాల అక్షరం చూసి చెప్త" అన్నది అక్క. వేలు పెట్టి చదివింది. "గుం... డ... మ్మ." తరువాతి మాట చిరిగిపోయింది. "కథ" అని తానే పూర్తి చేసింది. మేమందరం చప్పట్లు కొట్టాం.

"టీచరమ్మా, దీన్ని దుకాణంల ఇచ్చి లామినేషన్ చేయించన్నా?" అని అడిగింది. వద్దు అన్నాను. ఎందుకు వద్దన్నానో చెబుతాను.

పోస్టరు కథ

తెలుగులో మొదటి మాటల సినిమా భక్త ప్రహ్లాద. అది 1932లో వచ్చింది. అప్పట్లో టీవీ లేదు. సినిమా వచ్చిందని ఊరికి చెప్పేది గోడ మీది పోస్టరే. గుండమ్మ కథ 1962లో వచ్చింది. ఆ సినిమా నలుపు తెలుపుల్లో ఉంటుంది. కానీ పోస్టర్లకు రంగులు వేసేవారు. ఆ రంగులు చిత్రకారుల చేతి పని.

అలాంటి చిత్రకారుల్లో ఈశ్వర్ ఒకరు. ఆయనది పాలకొల్లు. 1967లో వచ్చిన సాక్షి సినిమాతో ఆయనకు పేరు వచ్చింది. రెండు వేలకు పైగా సినిమాలకు ఆయన పోస్టర్లు తయారు చేశారు. ఈ కళ గురించి సినిమా పోస్టర్ అనే పుస్తకం కూడా రాశారు. 2021లో కన్నుమూశారు.

మరి అన్ని పోస్టర్లు ఏమయ్యాయి? వానకు తడిశాయి. ఎండకు వెలిశాయి. మైదాపిండి జిగురు రుచికి ఆవులు పీకి తిన్నాయి. ఒకదాని మీద ఇంకొకటి అతికించారు. అందుకే పాతవి చాలా తక్కువ మిగిలాయి. మిగిలిన వాటికి విలువ పెరిగింది. జర్మనీలో 1927లో వచ్చిన మెట్రోపోలిస్ అనే సినిమా ఉంది. దాని పోస్టరు ఒకటి 2005లో 6 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అన్ని పోస్టర్లకూ అంత ధర రాదు. కానీ పాత కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒకసారి ఆలోచించాలి.

మన దేశంలో పుణె నగరంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. దీన్ని 1964లో పెట్టారు. అక్కడ పాత సినిమాలతో పాటు పోస్టర్లు కూడా దాస్తారు.

కాగితం ఎందుకు విరుగుతుంది?

చౌక కాగితాన్ని కర్ర గుజ్జుతో చేస్తారు. అందులో రానురాను పులుపు పుడుతుంది. ఆ పులుపు కాగితాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఎండ తగిలితే ఇంకా తొందరగా పసుపు పచ్చగా మారుతుంది. మడత దగ్గర ముందుగా తెగుతుంది.

బాగు చేసేవారు ఏం చేస్తారు?

ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతారు. తడి దూదిని ఒక మూల అద్ది, రంగు కారుతుందేమో చూస్తారు. కారకపోతేనే నీళ్లతో కడిగి పులుపు తీస్తారు. తరువాత వెనుక వైపు పలుచని జపాను కాగితం అతికిస్తారు. దానికి గోధుమ గంజి వాడతారు. గంజి ఎందుకు? రేపు అవసరమైతే తడిపి ఊడదీయవచ్చు. చిరిగిపోయిన చోట కొత్త కాగితం ముక్క పెట్టి, ఆ ముక్క వరకే రంగు వేస్తారు. పాత బొమ్మ మీద వేయరు.

లామినేషన్ అట్లా కాదు. వేడికి ప్లాస్టిక్కు కాగితానికి కరిచిపోతుంది. మళ్లీ తీయాలంటే కాగితమే పాడవుతుంది. సెల్లోటేపు కూడా అంతే. దాని జిగురు పసుపు మరకగా మారి కాగితంలోకి ఇంకుతుంది.

మేము ఏం చేశాం?

చేతులు కడిగి తుడుచుకున్నాం. పోస్టరును బల్ల మీద పరిచాం. మెత్తని కుంచెతో దుమ్ము తీశాం. ఫోనుతో ఫోటో తీశాం. రెండు శుభ్రమైన తెల్ల కాగితాల నడుమ పెట్టి, కింద మీద అట్టలు పెట్టి, నూలు బట్టలో చుట్టాం. మళ్లీ మడవలేదు. మంచం కింద కాదు, చెమ్మ తగలని అటక మీద పెట్టుకోమని చెప్పాను. చిరుగును మేము ముట్టుకోలేదు. పని తెలిసినవారు దొరికిన నాడు వారే బాగు చేస్తారు. అంతవరకు ఇంకా పాడు కాకుండా చూడడమే మన పని.

అక్కలారా, ఇది పోస్టరుకే కాదు. మీ ఇంట్లో భూమి పట్టా ఉంటుంది. పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. పెళ్లి ఫోటో ఉంటుంది. వాటికి కూడా ఇదే జాగ్రత్త. ఎండ, చెమ్మ, చెదలు తగలనీయకండి. టేపు అంటించకండి. ఒక జిరాక్సు తీసి వేరే చోట పెట్టండి.

ఇంటికి వెళ్లి ఒకసారి సందుగ తెరవండి. అడుగున ఏ కాగితం ఉందో చూడండి. దాని మీద ఏం రాసి ఉందో ఈసారి మీరే చదవండి.