మూడు బాణాలు గీసిన విద్యార్థి

పాల ప్యాకెట్టు వెనుక, మంచినీళ్ల సీసా అడుగున, అట్టపెట్టె పక్కన ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్న మూడు బాణాలు, అన్నీ కలిసి ఒక త్రికోణం. మన ఇళ్లలో పెద్దలు దాన్ని పట్టించుకోరు. పిల్లలు మాత్రం అడుగుతారు: ఇదేమిటి, దీన్ని ఎవరు గీశారు అని. మొదటి ప్రశ్నకు చాలామంది సమాధానం చెప్పగలరు. వాడిన వస్తువును మళ్లీ ముడిసరుకుగా మార్చి ఉపయోగించవచ్చునని చెప్పే గుర్తు అది. రెండో ప్రశ్నకు సమాధానం ఒక ఇరవై మూడేళ్ల విద్యార్థి కథ. ఆ కథను మా పాఠకుల ముందుంచాలని చాలాకాలంగా అనుకుంటున్నాము. అందులో గెలుపు ఉంది, గెలుపును దాచుకోవడం ఉంది, మన తెలుగు కుటుంబాలెన్నింటికో పరిచయమున్న దమ్మామ్ పట్టణం కూడా ఉంది.

అది 1970వ సంవత్సరం. అమెరికా నగరాలలో పొగ, నదులలో కర్మాగారాల మురుగు పెరిగిపోయి, సామాన్య ప్రజలలో కలవరం మొదలైన కాలం. ఆ ఏడాది ఏప్రిల్ 22న మొట్టమొదటి ధరిత్రీ దినోత్సవం జరిగింది. దాదాపు రెండు కోట్ల మంది అందులో పాల్గొన్నారు. షికాగో కేంద్రంగా పనిచేసే కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే సంస్థ అప్పట్లో అట్టపెట్టెలు తయారుచేసేది. వాడి పడేసిన కాగితాన్ని పెద్దఎత్తున సేకరించి మళ్లీ అట్టగా మార్చేది. అలా తయారైన పెట్టెల మీద వేయడానికి ఆ సంస్థకు ఒక గుర్తు కావలసి వచ్చింది. పేరుమోసిన చిత్రకారునికి డబ్బిచ్చి గీయించుకోవచ్చు. అలా కాక, దేశమంతటా ఉన్నత పాఠశాలల్లో, కళాశాలల్లో చదివే విద్యార్థులకు పోటీ పెట్టింది. భూమి ఎవరికి దక్కవలసి ఉన్నదో వారే గుర్తును గీయాలన్నది నిర్వాహకుల ఆలోచన.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భవన నిర్మాణ శాస్త్రం చదువుతున్న గ్యారీ ఆండర్సన్ ఆ పోటీ ప్రకటనను ఒక పోస్టరు మీద చూశారు. ఆయన చిత్రకళా విద్యార్థి కాదు. అయినా పాల్గొన్నారు. గుర్తును గీయడానికి ఆయనకు పట్టిన సమయం ఒకటి రెండు రోజులేనట! ఆ మాట ఒప్పుకోవడానికి తనకే కాస్త మొహమాటమని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు.

ఒకటి రెండు రోజులన్న మాటను మన పిల్లలు అపార్థం చేసుకోగలరు గనుక ఇక్కడ కొంచెం ఆగుదాము. ఆ పోటీకి ముందే ఆండర్సన్ వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి ఉపయోగించడం గురించి తరగతిలో ఒక ప్రసంగం చేసి ఉన్నారు. జలాశయం నుండి ఇంటికి, ఇంటి నుండి తిరిగి శుద్ధికి నీరు ఎలా ప్రయాణిస్తుందో చూపడానికి బాణాలతో ఒక పటం గీశారు. అది బల్లపరుపుగా, జీవం లేనట్టుగా ఉందని ఆయనకే అనిపించింది. ఆ అసంతృప్తి మనసులో మిగిలిపోయింది. దానికి తోడు మరో జ్ఞాపకం. చిన్నతనంలో బడి పిల్లలతో కలిసి ఒక వార్తాపత్రిక అచ్చుయంత్రాన్ని చూడడానికి వెళ్లారు. పొడవైన కాగితం రోలర్ల మీదుగా మడత తిరుగుతూ, పైకి లేస్తూ, కిందికి దిగుతూ సాగిపోవడం చూశారు. పోటీకి కూర్చున్నప్పుడు ఆ కాగితమే గుర్తుకొచ్చింది. బల్లపరుపు బాణాలు మడత పడిన కాగితపు పట్టీలయ్యాయి. ముందు పెన్సిలుతో గీసి, ఆపైన నల్ల సిరాతో దిద్దారు. ఆ రెండు రోజుల వెనుక ఎన్ని సంవత్సరాలున్నాయో పాఠకులే లెక్కించగలరు. పిల్లలను అచ్చాఫీసుకో, నీటి శుద్ధి కేంద్రానికో తీసుకెళ్లే ఉపాధ్యాయుడు ఆ రోజున తాను ఏ విత్తనం నాటుతున్నాడో తనకే తెలియదు.

ఆ గుర్తులో ఒక గణిత రహస్యం కూడా ఉంది. పిల్లలు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక పొడవైన కాగితపు పట్టీ తీసుకుని, ఒక కొసను సగం మెలిపెట్టి రెండో కొసకు అంటించాలి. ఇప్పుడు పట్టీ మధ్యగా పెన్సిలుతో గీత గీస్తూ పోతే, కాగితం నుండి పెన్సిలును ఎత్తకుండానే రెండు వైపులా గీత పడి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఆ కాగితానికి ముందు, వెనుక అనేవి లేవు. ఉన్నది ఒకే ముఖం. జర్మన్ గణిత శాస్త్రవేత్త మోబియస్ పేరిట ఇది ప్రసిద్ధమైనది. ఆద్యంతాలు లేని ఆ మెలికనే ఆండర్సన్ తన గుర్తుకు ఆధారం చేసుకున్నారు. అక్షరం లేదు, ప్రాణిరూపం లేదు, ఏ దేశపు చిహ్నమూ లేదు. జీవుల చిత్రాల విషయంలో మన పండితులు చెప్పే జాగ్రత్తలను పాటించే ఇళ్లలో, పిల్లలకు ఇక గీయడానికి ఏం మిగిలిందని కొందరు తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. రేఖ, కోణం, వృత్తం, లిపి మిగిలాయి. మన పూర్వీకులు మస్జిదుల గోడల మీద, గుమ్మటాల మీద వాటితోనే శతాబ్దాల తరబడి పనిచేశారు. ఈ మూడు బాణాలు కూడా ఆ కోవలోనివే.

పోటీకి 500కు పైగా చిత్రాలు వచ్చాయి. ఆ వేసవిలో కొలరాడో రాష్ట్రంలోని ఆస్పెన్ పట్టణంలో జరిగిన అంతర్జాతీయ రూపకల్పన సదస్సులో న్యాయనిర్ణేతలు వాటిని పరిశీలించారు. సాల్ బాస్, హెర్బర్ట్ బేయర్ వంటి ఉద్దండులు ఆ న్యాయనిర్ణేతలలో ఉన్నారు. ఆండర్సన్ తన ఆలోచనను మూడు రూపాలలో పంపగా, వాటిలో అన్నింటికంటే నిరాడంబరమైనదాన్ని వారు ఎంచుకున్నారు. బహుమతి ఉన్నత చదువు నిమిత్తం 2,500 డాలర్లు. గెలిచినట్టు ఉత్తరం వచ్చినప్పుడు తాను ఉప్పొంగిపోలేదని, ఆ వయసులో తనపై తనకున్న అతివిశ్వాసం వల్ల గెలుపు తనదేనన్నట్టు ఉండేదని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. తమ యవ్వనపు గర్వాన్ని గర్వమనే చెప్పగల పెద్దలు తక్కువ.

తర్వాత జరిగినదే ఈ కథలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆండర్సన్ స్వీడన్ వెళ్లి కొంతకాలం చదువుకుని వచ్చి, నగర ప్రణాళికా రంగంలో ఉద్యోగాలకు ప్రయత్నించారు. అప్పుడు తన గెలుపును ఎక్కువగా చెప్పుకోలేదు. అది తెలిస్తే తనను బొమ్మలు గీసేవాడిగానే చూస్తారేమో, నగరాల గురించి గంభీరంగా ఆలోచించేవాడిగా లెక్కించరేమోనని భయపడ్డారు. జాతీయ స్థాయిలో గెలిచిన యువకుడు ఆ గెలుపును తానే తక్కువ చేసి చూపవలసి రావడం! చేతిపని తెలిసినవాడికి బుద్ధి తక్కువ ఉంటుందన్న దురభిప్రాయం అమెరికాలోనూ ఉన్నదన్నమాట. మన ఇళ్లలో సంగతి చెప్పనక్కరలేదు. అబ్బాయి గీసిన బొమ్మను బంధువులకు చూపి మురిసిపోయే అబ్బా, ఇంటర్మీడియట్ రాగానే ఆ రంగుల పెట్టెను అటక మీద పెట్టించేస్తారు. అమ్మాయి అందంగా అరబీ లిపి రాస్తుంటే, పెళ్లి కార్డుల మీద పేర్లు రాయడానికి పనికొస్తుందని ఊరుకుంటారు.

ఆపై ఆండర్సన్ సౌదీ అరేబియా వెళ్లారు. దమ్మామ్‌లో నాటి కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. చమురు సంపదతో కొత్త పట్టణాలు లేస్తున్న ఆ కాలంలో అక్కడి విద్యార్థులకు ప్రణాళికా శాస్త్రం బోధించారు. ఆ దమ్మామ్ ప్రాంగణమే ఇప్పుడు ఇమామ్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఫైసల్ విశ్వవిద్యాలయంగా ఉంది. తూర్పు తీరంలో పనిచేసే మన తెలుగువారిలో ఆ దారిన నిత్యం వెళ్లేవారు ఎందరో ఉంటారు. తన పేరుమీద లోకమంతా తిరుగుతున్న గుర్తు ఒకటి ఉన్నదని ఆ అధ్యాపకునికే దాదాపు మరుపులో పడిపోయింది.

అక్కడి నుండి ఒకసారి ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. వీధిలో గుమ్మటం ఆకారంలో ఒక పెద్ద సేకరణ తొట్టి ఉంది. దాని మీద మూడు బాణాలు. కాగితంపై సిరాతో దిద్దిన ఆ చిన్న గుర్తు ఇప్పుడు పెద్ద బంతికంటే పెద్దదిగా ఎదురుగా నిలబడి ఉంది. పదేళ్లుగా తాను తలచుకోని పని, తనను అడగకుండానే సముద్రాలు దాటి వచ్చేసింది. ఆ దృశ్యాన్ని తానెన్నడూ మరువలేనని ఆయన చెప్పారు.

సముద్రాలు దాటడానికి ఒక కారణముంది. పోటీ పెట్టిన సంస్థ ఆ గుర్తుకు కొద్దిపాటి మార్పులు చేసి తన వ్యాపార చిహ్నంగా నమోదు చేయించుకోవాలనుకుంది. అభ్యంతరాలు రాగా ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. దాంతో గుర్తు ప్రజలందరి సొత్తయింది. ఎవరైనా వాడుకోవచ్చు, రుసుము లేదు, అనుమతి అక్కరలేదు. గీసినవారికి ఆ తర్వాత ఒక్క డాలరూ రాలేదు. ఆండర్సన్ తదనంతరం జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది బాల్టిమోర్‌లో స్థిరపడ్డారు. 1999లో అమెరికాలోని ఒక వృత్తి పత్రిక ఆయన ఆచూకీ దొరికిందన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం ప్రచురించింది. అంతవరకు ఆ రంగంలో పనిచేసేవారిలోనే చాలామందికి ఆ పేరు తెలియదు.

ప్రజల సొత్తయిన వస్తువుకు కాపలాదారు ఉండడు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం ప్లాస్టిక్ రకాలకు 1 నుండి 7 వరకు అంకెలు కేటాయించింది. ఆ అంకెల చుట్టూ ఈ మూడు బాణాలను చేర్చింది. అంకె చెప్పేది వస్తువు ఏ రకపు ప్లాస్టిక్‌తో తయారైందన్న విషయాన్ని మాత్రమే. కానీ బాణాలను చూసిన సామాన్యుడు ఏమనుకుంటాడు? ఇది తిరిగి ఉపయోగపడుతుంది, పారేసినా పాపం లేదని అనుకుంటాడు. నిజానికి ఆ ఏడు రకాలలో కొన్ని మాత్రమే పెద్దఎత్తున తిరిగి ముడిసరుకవుతాయి. మిగతావి చెత్తకుప్పకో, మంటకో పోతాయి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూసిన సంఘటన పాఠకులకు తెలిసినదే. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అయితే తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వ్యాపారి నోటితో అబద్ధం చెప్పలేదన్నది గమనించండి. రాశిని పేర్చిన తీరే అబద్ధం చెప్పింది. తిరిగి ఉపయోగపడని డబ్బా మీద మూడు బాణాలు ముద్రించడాన్ని మేము ఆ రాశితో పోల్చుతున్నాము. ఆక్షేపణలు పెరిగాక 2013లో ఆ అంకెల ప్రమాణాలను నిర్ణయించే సంస్థ బాణాలకు బదులు మామూలు త్రికోణాన్ని నిర్దేశించింది. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రం, నిజంగా తిరిగి ఉపయోగపడని వస్తువులపై బాణాల గుర్తు వేయడాన్ని నిరోధిస్తూ చట్టం చేసింది. ఆండర్సన్ ఆ గుర్తును గీసింది కూడా కాలిఫోర్నియాలోనే. పాత అచ్చులు మాత్రం లోకమంతా ఇంకా వాడుకలోనే ఉన్నాయి.

పోటీల మాట వచ్చింది గనుక ఒక విషయం చెప్పక తప్పదు. బడులలో పర్యావరణం మీద, పొదుపు మీద పోస్టరు పోటీలు జరుగుతూనే ఉంటాయి. ముందు రోజు రాత్రి కూర్చుని ఆ పోస్టరును గీసేది చాలా ఇళ్లలో అమ్మీ లేదా అన్నయ్య. పేరు మాత్రం చిన్నవాడిది. ధాన్యపు రాశి హదీసును వ్యాపారులకు మాత్రమే వర్తింపజేసుకుంటే ఈ పోస్టరు ఏ ఖాతాలో పడుతుంది? బిడ్డ గీసిన వంకర గీతతో ఓడిపోయి రావడం మేలు. వాడి చేతికి ఆ గీత తెలుస్తుంది, మరుసటి ఏడాదికి అది కొంచెం సర్దుకుంటుంది.

ఇంతకీ మన వంటింటి సంగతి. దివ్య ఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరాలో తినడాన్ని, తాగడాన్ని అనుమతిస్తూనే మితిమీరడాన్ని వారిస్తుంది. బనీ ఇస్రాయీల్ సూరాలో దుబారా చేసేవారిని షైతాన్ సోదరులతో పోల్చుతుంది. తన చెప్పులు తానే కుట్టుకుని, తన బట్టలకు తానే మాసిక వేసుకున్న ప్రవక్త (స) అనుచరులము మనము. అల్లాహ్ సందేశంలో గానీ, ప్రవక్త జీవితంలో గానీ తప్పు పట్టినది పారవేయడాన్ని మాత్రమే కాదు, అవసరానికి మించి తెచ్చుకోవడాన్ని. మూడు బాణాలున్నాయి కదా అని వలీమా విందులో మనిషికి రెండేసి నీళ్ల సీసాలు పంచితే, ఆ గుర్తు మన తరఫున వకాల్తా పుచ్చుకోదు.

ఏది తిరిగి ఉపయోగపడుతుందో నిజంగా తెలుసుకోవాలంటే గుర్తును కాక, వీధిలోకి వచ్చే కబాడీవాలాను అడగాలి. ఈ వృత్తిలో మనవారూ ఎందరో ఉన్నారు. వారి పరిజ్ఞానాన్ని ఎవరూ పరిజ్ఞానంగా లెక్కించరు. వార్తాపత్రికలు, అట్టపెట్టెలు అతను తూకం వేసి కొంటాడు. 1 అంకె ఉన్న నీళ్ల సీసాలు, 2 అంకె ఉన్న షాంపూ డబ్బాలు తీసుకుంటాడు. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లను కూడా కొన్నిచోట్ల తీసుకుంటారు. లోపల వెండిపొర మెరిసే చిప్స్ ప్యాకెట్టును మాత్రం, దాని మీద ఏ గుర్తు ఉన్నా, త్రాసు దాకా రానివ్వడు.