వన్ టౌన్ పిన్‌కోడ్‌లో ఇన్ని వింతలు!

విశాఖ వన్ టౌన్‌లో కొట్ల బోర్డుల మీద, బిల్లుల మీద, శుభలేఖల కవర్ల మీద కనిపించే సంఖ్య 530001. చాలామంది దాన్ని చూడకుండానే రాసేస్తారు. ఒక్కసారి కాగితం, కలం తీసుకుని దానితో కూర్చుంటే మాత్రం లేవబుద్ధి కాదు.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. మొదటి అంకె 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలది. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. తపాలా శాఖకు అంతవరకే పని. లెక్కలవాళ్లకు అసలు సంగతి ఇక్కణ్నుంచే మొదలు.

అంకెలన్నీ కూడితే 9. ఆ 9తోనే భాగిస్తే శేషం లేకుండా 58889 వస్తుంది. ఇలా తన అంకెల మొత్తంతో భాగించబడే సంఖ్యకు ‘హర్షద సంఖ్య’ అని పేరు పెట్టింది దేవలాలి బడిపంతులు డి.ఆర్. కాప్రేకర్.

మిగిలిన 58889 మహా మొండిది. దాని వర్గమూలం 243 లోపే కాబట్టి, 241 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి సరిగ్గా 53, అంటే మన పిన్‌కోడ్ మొదటి రెండంకెలే! 17తో భాగిస్తే 1 మిగిలిపోతుంది. 151 దగ్గర 1 తక్కువ పడుతుంది. ఇదుగో దొరికింది అనుకునేలోపే చేజారుతుంది. చివరికి 53లో ఒక్కటీ దాన్ని భాగించదు. 58889 ప్రధాన సంఖ్యే. అందుకే 530001కి ఉన్న కారణాంకాలు ఆరే: 1, 3, 9, 58889, 176667, 530001.

అదే పిన్‌కోడ్‌ను తిరగేసి 100035 అని రాయండి. 3×3×3×3×5×13×19గా విడిపోతుంది, కారణాంకాలు ఏకంగా 40!

అన్నిటికంటే నాకు ముచ్చటేసింది ఇంకొకటి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, ఒకే ఒక్క విధంగా రాయవచ్చని 1640లో ఫెర్మా చెప్పాడు, తర్వాత ఆయిలర్ నిరూపించాడు. 58889 అలాంటిదే: 208×208 + 125×125. ఈ రెంటినీ మూడింతలు చేస్తే 624, 375. వాటి వర్గాలు 389376, 140625. కూడి చూడండి, 530001! భుజాలు 624, 375గా లంబకోణ త్రిభుజం గీస్తే, కర్ణం మీద నిలిచే చతురస్రం వైశాల్యం వన్ టౌన్ పిన్‌కోడే అన్నమాట. ఇలా రాయడానికి ఇంకో జత సంఖ్యలు లేవు.

పక్కనే ఉన్న పోర్టు పిన్‌కోడ్ 530035కి ఈ యోగం లేదు. అది 5×11×23×419. 4తో భాగిస్తే 3 మిగిలే 11 అందులో ఒక్కసారే ఉంది కాబట్టి, ఎంత వెతికినా అది రెండు వర్గాల మొత్తం కాలేదు.