కొడుక్కిచ్చిన సొమ్ముకు పన్ను లేదు, కాగితం మాత్రం ఉండాలి

ఉద్యోగ విరమణ చేసిన తండ్రి, చేతికొచ్చిన ప్రావిడెంటు ఫండులోంచి పది లక్షలు కొడుకు ఇంటి నిర్మాణానికి ఇద్దామనుకుంటాడు. ‘గిఫ్టు టాక్సు పడుతుందేమో’ అంటారు ఇరుగుపొరుగు. ఆ భయం పాత రోజులది. 1958 నాటి గిఫ్టు టాక్సు చట్టం ప్రకారం కానుక ఇచ్చినవారు పన్ను కట్టవలసి ఉండేది. 1998 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన కానుకలకు ఆ పన్ను లేదు.

ఆదాయపు పన్ను చట్టం ఇప్పుడు పుచ్చుకున్నవారిని అడుగుతుంది. పెళ్లి కానుకల వంటివి మినహాయిస్తే, బయటివారి నుంచి ఏడాదిలో 50 వేల రూపాయలకు మించి ముడితే మొత్తమంతా ఆదాయం కింద లెక్క. తల్లిదండ్రులు ఎంత ఇచ్చినా పిల్లలకు పన్ను లేదు. కోడలికి, అల్లుడికి ఇచ్చినా అంతే.

అయితే ఒక మెలిక ఉంది. యుక్తవయసు వచ్చిన కొడుకుకో కూతురికో ఇచ్చిన సొమ్ముపై వడ్డీ వారి ఆదాయమే. అదే సొమ్ము కోడలి పేర డిపాజిట్ చేస్తే, ఆ వడ్డీని ఇచ్చిన మామగారి ఆదాయంలోనే కలుపుతారు.

నగదు విషయంలో జాగ్రత్త అవసరం. కన్నవారి నుంచి అయినా సరే, ఒకే రోజు రెండు లక్షలు లేదా అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదు. 2017 నుంచి ఉన్న ఈ నిబంధన తప్పితే, తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా కట్టవలసి రావచ్చు. చెక్కు ద్వారా గాని, బ్యాంకు ఖాతా నుంచి గాని ఇవ్వడం క్షేమం. ఎవరు, ఎవరికి, ఎంత, ఏ తేదీన ఇచ్చారో, అది అప్పు కాదని కూడా రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం దాచుకోవాలి. రేపు అధికారులు అడిగితే అదే జవాబు.

ఇల్లు, పొలం ఇస్తే కాగితం రాసుకుంటే చాలదు. ఇద్దరు సాక్షులతో దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. స్టాంపు ఖర్చు ఎలాగూ ఉంటుంది.

పన్ను కంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఇచ్చేసిన ఆస్తిని, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వృద్ధాప్యంలో తమను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకుంటే, పిల్లలు మాట తప్పినప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. పిల్లల మీద అపనమ్మకం అనుకుని చాలామంది ఆ ఒక్క వాక్యాన్ని వదిలేస్తారు. అవసరం పడిన నాడు తల్లిదండ్రులను ఆదుకునేది ఆ వాక్యమే.